మూడు వారాల పూలు

ఒరేయ్ సత్యం,

ఫోన్‌లో చెప్పేద్దామనే అనుకున్నాను. కానీ నువ్వు ఫోనెత్తగానే ఎవరో ఒకరు "బాబాయ్, ఈ కవరు మొక్క ఎంత?" అంటూ వస్తారు, మన మాట అక్కడే తెగిపోతుంది. అందుకే ఉత్తరం. రాత్రి భోజనాలయ్యాక తీరిగ్గా చదువు. చెల్లెమ్మకి కూడా వినిపించు.

ఇక్కడ ఏప్రిల్ సగం గడిచినా నేను స్వెట్టర్ విప్పలేదు. మన దగ్గర ఆకు రాలడం, చిగురేయడం ఒకదాని వెంట ఒకటి జరిగిపోతాయి కదా. ఈ బోస్టన్‌లో చెట్టు ఐదు నెలలు మోడులాగే నిలబడి ఉంటుంది. ఇప్పుడిప్పుడే ఫోర్సిథియా అని ఒక పొద, ఒంటి మీద ఒక్క ఆకు లేకుండా పసుపుపచ్చగా పూసేస్తోంది. ఉగాది పచ్చడికి అమ్మాయి ఇండియన్ షాపు నుంచి ఎండిన వేపపువ్వు తెచ్చింది. చేదు ఉంది, వాసన లేదు. మీ దొడ్లో వేపచెట్టు గుర్తొచ్చి ఆ పూటంతా మనసు అక్కడే ఉంది.

సరే, అసలు సంగతికొస్తాను. పోయిన ఆదివారం అమ్మాయి నన్నూ మా ఆవిడనీ ఇసబెల్లా స్టూవర్ట్ గార్డ్‌నర్ మ్యూజియానికి తీసుకెళ్ళింది. మ్యూజియమంటే బొమ్మలే కదా, కాళ్ళు నొప్పెడతాయేమో అనుకుంటూ బయల్దేరాను. గ్రీన్ లైన్ రైలు దిగి నాలుగడుగులు నడిస్తే వచ్చేసింది. బయటి నుంచి చూస్తే మామూలు ఇటుక కట్టడం. లోపలికెళ్ళి ఒక చీకటి వసారా దాటానో లేదో, ఆగిపోయాను.

ఇంటి మధ్యలో మన మండువా ఉంటుందే, అలాంటిదే, కాకపోతే నాలుగంతస్తుల ఎత్తు. పైన ఆకాశం బదులు అద్దాల కప్పు. చుట్టూ గులాబి రంగు గోడలు, వెనిస్ నుంచి తెచ్చిన రాతి కిటికీలు, బాల్కనీలు. కింద నడుమ రోమన్ల కాలపు మొజాయిక్ నేల, దాని చుట్టూ ఫెర్నులు, పామ్ మొక్కలు, పూలకుండీలు. మూడో అంతస్తు బాల్కనీల నుంచి ఇరవై అడుగుల పచ్చటి తీగలు జడలు జడలుగా కిందికి దిగి ఉన్నాయి, వాటి నిండా నారింజ రంగు పూలు. నస్టర్షియం! చలికాలంలో నువ్వు చిన్న కవర్లలో పెట్టి అమ్మే మొక్కే. గుమ్మం దగ్గర కుండీలో జానెడు పెరిగి ఎండ రాగానే పోయే మొక్కని ఇరవై అడుగులు పెంచారంటే నువ్వు నమ్మవు. నేను చూసి కూడా కాసేపు నమ్మలేదు.

మొక్కల్లోకి దిగనివ్వరు, చుట్టూ ఉన్న వసారాల్లోంచే చూడాలి. అక్కడున్న ఒక ఉద్యోగినిని పట్టుకుని వరసగా ప్రశ్నలు వేశాను. పాపం, ఓపిగ్గా చెప్పింది. ముందు ఏడాది ఎండాకాలంలోనే విత్తనం వేస్తారట. హింగమ్ అనే ఊళ్ళో మ్యూజియం వాళ్ళ గ్రీన్‌హౌసులున్నాయి. బయట మంచు కురిసినంత కాలం లోపల ఈ తీగల్ని పైకి పాకిస్తూ, ఒకదానికొకటి చిక్కుపడకుండా చూసుకుంటూ పెంచుతారు. ఏప్రిల్ రాగానే చలిగాలి తగలకుండా బండిలో తెచ్చి, ఒక్కో తీగని నలుగురైదుగురు వరసగా నిలబడి చేతుల మీద మోసుకుంటూ మేడెక్కిస్తారు. నస్టర్షియం కాడ ఎంత పెళుసో నీకు నేను చెప్పాలా? కాస్త గట్టిగా పట్టుకుంటే పుటుక్కుమంటుంది. పేనుబంకకి ఈ మొక్కంటే ఎంత ఇష్టమో అదీ నీకు తెలుసు. ఇంత చేసి, ఆ తీగలు అక్కడ ఉండేది మూడు వారాలు. తర్వాత తీసేసి వేరే మొక్కలు పెడతారు.

మూడు వారాల కోసం తొమ్మిది నెలలు, సత్యం! ఆ మాట విన్న దగ్గర్నుంచి నువ్వే కళ్ళ ముందు మెదులుతున్నావు.

ఈ పద్ధతి పెట్టింది మ్యూజియం కట్టించిన ఇసబెల్లాగారే. ఆవిడ పుట్టింది 1840 ఏప్రిల్ 14న. పుట్టినరోజు దగ్గర పడుతుండగా ఈ తీగలు వేలాడదీయించేదట, ఇప్పటికీ అదే ఆనవాయితీ. ఆవిడ కథ విని మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఉన్న ఒక్క కొడుకూ రెండేళ్ళు నిండకుండానే 1865లో పోయాడు. తర్వాత భార్యాభర్తలు దేశాలు తిరిగారు, మన దేశానికీ వచ్చారు. ఇష్టమైన బొమ్మలన్నీ కొని ఒక ఇల్లు కట్టి అందులో పెడదామనుకున్నారు. ఇల్లు మొదలవకుండానే 1898లో ఆయన పోయాడు. ఆవిడ ఒక్కతే నిలబడి కట్టించి, 1903లో జనానికి తలుపులు తెరిచింది. గోడల గులాబి రంగు పనివాళ్ళకి కుదరలేదని, తనే స్పాంజితో అద్ది ఇలా వెయ్యండని చూపించిందట. ఇసబెల్లా అని పేరున్న ఆడపిల్లలకి ఇక్కడ జన్మంతా టిక్కెట్టు అక్కర్లేదు! మా మనవరాలు వెంటనే "నా పేరు మార్చెయ్యండి" అంది.

బొమ్మల గురించి ఎక్కువ రాయను, అవి చూడాల్సిందే. కానీ రెండు సంగతులు చెప్పకుండా ఉండలేను. రెండో అంతస్తులో డచ్ గదిలో గోడకి ఖాళీ ఫ్రేములు వేలాడుతున్నాయి. 1990 మార్చి 18 తెల్లవారుజామున ఇద్దరు దొంగలు పోలీసు బట్టల్లో వచ్చి, 81 నిమిషాలు లోపలే ఉండి, 13 వస్తువులు ఎత్తుకుపోయారు. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1633లో వేసిన తుఫాను సముద్రం బొమ్మ అందులో ఒకటి. ఆయన సముద్రాన్ని వేసింది ఆ ఒక్కసారే. ఆచూకీ చెబితే కోటి డాలర్లు ఇస్తామన్నారు, ఇంతవరకూ ఒక్కటీ దొరకలేదు. ఏదీ చోటు మారకూడదని ఆవిడ వీలునామా రాసింది, అందుకని ఆ చోట్లు అలాగే ఉన్నాయి. ఆ ఫ్రేము లోపల గోడకి అంటించిన పట్టుగుడ్డ తప్ప ఏమీ లేదు, అయినా జనం దాని ముందు నిలబడి చూస్తున్నారు. నేనూ చూశాను.

రెండోది, పై అంతస్తులో క్రీస్తు సిలువ మోస్తున్న చిన్న బొమ్మ ఉంది. దాని ముందు చిన్న వెండి కప్పులో వయొలెట్ పూలు పెట్టేదట ఆవిడ. మా ఇంట్లో అమ్మ దేవుడి పటం ముందు రాగిచెంబులో నందివర్ధనాలు పెట్టేది, నీకు గుర్తుందా? పువ్వు లేకపోతే ఆ పటం పటంలా ఉండేది కాదు.

ఇంటికొచ్చాక అమ్మాయి కిటికీలో ఉన్న నస్టర్షియం కుండీ దగ్గర కూర్చున్నాను. ఇన్నాళ్ళూ నీ నర్సరీలో వందసార్లు చూసి కూడా సరిగ్గా చూడలేదురా నేను. ఆకు గుండ్రంగా, తామరాకు పిల్లలా ఉంది. కాడ అంచున కాదు, మధ్యలో అతుక్కుంది, అక్కణ్ణుంచి ఈనెలు గొడుగు ఊచల్లా చుట్టూ పరుచుకున్నాయి. చెంచాతో నీళ్ళు పోస్తే బొట్టు అంటుకోలేదు, పాదరసంలా అటూ ఇటూ దొర్లి జారిపోయింది. పువ్వు వెనకాల సన్నటి తోక, అందులో తేనె. ఒక ఆకు నమిలాను, అచ్చం ఆవఘాటు. మా ఆవిడ చూసి "పచ్చడి చేసుకోవచ్చేమో" అంది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, సంక్రాంతికి కలిసినప్పుడు నువ్వన్న మాట నాకు గుచ్చుకుంది. "మొక్కలమ్ముకునేవాణ్ణి, మనదేముందిరా" అన్నావు. ముందువైపు అరెకరం ప్లాట్లకి ఇచ్చేద్దామనుకుంటున్నావనీ, షేడ్‌నెట్ షెడ్డు తీసేస్తావనీ చెల్లెమ్మ మా ఆవిడతో చెప్పింది. మోకాళ్ళ నొప్పులు నిజమే, కూలీలు దొరకడం లేదన్నదీ నిజమే. అబ్బాయికి ఆసక్తి లేదన్నది మాత్రం నువ్వు అడిగి తెలుసుకున్నది కాదు, అనుకున్నది. ఆ మ్యూజియంలో కోట్ల విలువ చేసే బొమ్మలున్నాయి. నేను వెళ్ళిన రోజు జనం ఎక్కువసేపు నిలబడింది ఆ తీగల దగ్గరే. తీగల్ని పెంచినవాళ్ళు ఎక్కడో గ్రీన్‌హౌసులో మోచేతుల దాకా మట్టితో ఉండి ఉంటారు, నీలాగే. పదిహేనేళ్ళ వయసులో మీ నాన్న పక్కన కూర్చుని నువ్వు గులాబీ అంటు కట్టడం నేను చూశాను. ఆ చెయ్యి నాకు రాలేదు, ఎన్నిసార్లు నేర్పినా రాలేదు.

జూన్ రెండో వారంలో దిగుతున్నాం. రాజమండ్రి నుంచి నేరుగా కడియపులంకే వస్తాను. అప్పటిదాకా ఆ షెడ్డు మీద చెయ్యి వెయ్యకు, ఎవరికీ అడ్వాన్సు తీసుకోకు. అబ్బాయితో నేనూ ఒకసారి మాట్లాడతాను. కార్తీకం చలి పడగానే షెడ్డు దూలం మీంచి నాలుగు నస్టర్షియం తీగలు వదులుదాం. ఇరవై అడుగులు మన వాతావరణానికి రావు, నాకు తెలుసు. ఎన్ని అడుగులు వస్తాయో నువ్వే చెప్పాలి.

చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
మూర్తి