మీవాళ్ళు కాకినాడ వస్తే

చి. అమ్మలుకి నాన్న ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అమ్మా నేనూ కులాసా. అమ్మ మోకాలు ఫర్వాలేదు, డాబా మెట్లు ఎక్కడం మాత్రం మానేసింది. నీ మెసేజీ ఆదివారం రాత్రి చూశాను. "ఆఫీసువాళ్ళు నలుగురు నెలాఖరుకి కాకినాడ వస్తున్నారు, ఎక్కడెక్కడ తినాలో రాసిపెట్టు నాన్నా, నాకు రావడం కుదరట్లేదు" అని. ఇరవై మూడు రోజుల తర్వాత వచ్చిన మెసేజీ. అమ్మ నా చేత రెండుసార్లు చదివించుకుంది. తిండి విషయం ఫోనులో రెండు ముక్కల్లో తేలేది కాదు. అందుకని కాగితం మీద రాస్తున్నాను. పక్కింటి కుర్రాడి చేత ఫొటో తీయించి పంపుతాను, కాగితం పోస్టులో వేస్తాను.

కార్తీక పౌర్ణమికి చిన్నత్తవాళ్ళ బుజ్జి వచ్చి ఏదో అంది. దాని సంగతి తర్వాత.

ముందు వాళ్ళు ఏ బండికి వస్తున్నారో కనుక్కో. గౌతమి అయితే పొద్దున్నే చేరుతుంది. టౌన్ స్టేషన్లో దిగమను, నిద్రపోయి పోర్టు దాకా పోతే మళ్ళీ వెనక్కి రావాలి. వేరే బండి అయితే సామర్లకోటలో దిగి బస్సో ఆటోనో పట్టుకోవాలి. నేను స్టేషనుకి వస్తాను, బోగీ నంబరు పంపితే చాలు.

దిగగానే మొహం కడుక్కుని పెసరట్టు ఉప్మా తినాలి. ఫలానా హోటలని రాయను, ఎందుకంటే ఈ ఏడాది బాగున్న చోట వచ్చే ఏడాది వంటమనిషి మారిపోతాడు. పెనం ఎక్కడుందో చూసి అక్కడ ఒక్క నిమిషం నిలబడమను. పెసరట్టు పిండి పులవకూడదు. పెసలు నానబెట్టి, అల్లం పచ్చిమిర్చి వేసి రుబ్బి వెంటనే పొయ్యాలి. మంచి అట్టయితే అంచు ఎర్రగా కాలి పెనాన్ని తనంతట తనే వదులుతుంది, పైన చల్లిన జీలకర్ర, ఉల్లిపాయ వాసన రోడ్డు మీదికొస్తుంది. అట్లకాడతో గీకి గీకి తీస్తున్నాడంటే ఆ పిండి రాత్రిదే. అక్కడ టీ తాగి బయటికొచ్చేయమను. నువ్వు ఎనిమిదో క్లాసులో ఉన్నప్పుడు ఇలాగే పెనం దగ్గర నిలబెట్టి చూపించాను, గుర్తుందో లేదో. అప్పట్లో రెండు అట్లు తినేదానివి. ఇప్పుడు పొద్దున్న ఏం తింటున్నావు? బిస్కెట్లు టిఫిను కాదు.

మధ్యాహ్నం సుబ్బయ్య హోటలు. ఆటో అతనికి ఆ పేరు చెబితే చాలు. శాకాహారం. మీవాళ్ళలో మాంసం లేందే ముద్ద దిగనివాళ్ళు ఉన్నా సరే, ఒక్కపూట ఇక్కడ కూర్చోవాల్సిందే. అరిటాకు వేసి ఒకటి తర్వాత ఒకటి వడ్డిస్తూనే ఉంటారు, మారు అడక్కుండానే వేస్తారు. కొత్తవాళ్ళు చేసే తప్పేంటంటే మొదట్లోనే కడుపు నింపేసుకుంటారు. పప్పూ నెయ్యీ రెండోసారి వేయించుకోకూడదు. కూరలు, పచ్చడి, పులుసు అయ్యాక పెరుగన్నానికి చోటు మిగలాలి. పెరుగు దాకా రాకుండా లేస్తే సగం భోజనమే చేసినట్టు. పన్నెండు కాకముందే వెళ్ళమను, ఆలస్యమైతే తింటున్నవాళ్ళ వెనకాల నిలబడాలి, తినేవాళ్ళకీ ఇబ్బంది. వెళ్ళేరోజు బండిలోకి బుట్ట భోజనం కట్టించుకోవచ్చు. ఒక బుట్ట నలుగురూ పంచుకున్నా మిగులుతుంది. మిగిలితే నీకు తెమ్మంటాను. పుణె దాకా పులిహోర పాడవదు.

కాజా సంగతి. కోటయ్య కాజా అంటే గొట్టం కాజా, మనది. తాపేశ్వరం కాజా అంటే మడత కాజా. రెండూ ఒకటే అనుకుని ఒకటి తిని రెండోదాన్ని వదిలేస్తారు చాలామంది. గొట్టం కాజాలో పాకం లోపల నిలిచి ఉంటుంది. ఓ కొస కొంచెం కొరికి, ముందు పాకం పీల్చుకుని, ఆ తర్వాత నమలాలి. నడిమికి కొరికితే పాకమంతా చొక్కా పాలు. తాపేశ్వరం మండపేట దగ్గర, రాజమండ్రి వైపు వెళ్తే దారిలోనే. అటు వెళ్ళేవాళ్ళయితే ఆత్రేయపురంలో పూతరేకులు చేయడం కూడా చూసి రమ్మను. బోర్లించిన కుండ మీద పలచటి బియ్యప్పిండి తడిగుడ్డతో అలా ఒక్క తడవ లాగితే రేకు లేచి వస్తుంది. ఆ చెయ్యి చూడ్డానికైనా వెళ్ళాలి. 2023లో ఆ పూతరేకులకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బెల్లం, నెయ్యి, జీడిపప్పు వేసినవే కొనమను. నువ్వు చక్కెరవే తింటావు, ఈసారి బెల్లంవి పంపిస్తాను. రక్తానికి బెల్లం మంచిది.

పులస గురించి అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. పుస్తెలమ్మైనా పులస తినాలన్న మాట దేశమంతా పాకింది. ఇది పులసల కాలం కాదని నువ్వే చెప్పు. సముద్రంలోని ఇలస చేప గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చినప్పుడు ఎదురీది పైకొస్తేనే పులస, అది ఆషాఢ శ్రావణాల మాట. డిసెంబర్లో ఎవరైనా పులస అని వడ్డిస్తే అది మంచులో దాచిందో, వేరే చోటి ఇలసో. యానాం చీరమీను కూడా దసరా, కార్తీకాలతో సరి. ఇప్పుడు పండుగప్ప, కొరమీను, రొయ్యలు అడగమను. ఏ కాలానికి ఏది దొరుకుతుందో తెలియకుండా ఊరు వచ్చేవాళ్ళకి ఆ ఊరివాళ్ళే చెప్పాలి, లేకపోతే మన మాట నమ్మి వచ్చినవాళ్ళు మోసపోతారు.

ఎందుకింత పట్టి పట్టి రాస్తున్నానంటే, ఒకసారి నా మాట నమ్మి వచ్చినవాళ్ళని నేను ఆకలితో పంపాను. 1996 తుఫాను. నవంబరు 6 రాత్రి. నీకు అప్పటికి ఐదో నెల. పొద్దున్న లేచేసరికి మన వీధిలో నిలబడి ఉన్న కరెంటు స్తంభం ఒక్కటీ లేదు. కోనసీమలో కొబ్బరిచెట్లు నేల పరుచుకున్నాయి. కరెంటు బోర్డులో అప్పుడు నేను లైన్ ఇన్‌స్పెక్టర్ని. మా సెక్షనుకి రాయలసీమ నుంచి లైన్ గ్యాంగు వచ్చింది, పదహారు మంది. వాళ్ళ భోజనాలు చూడమని ఏఈ గారు నాకు అప్పగించారు. మన ఊరి భోజనం వాళ్ళకి చూపించాలని నాకు ఆశ. ఊళ్ళో పేరున్న హోటలొకటి చెప్పి, "పని అయ్యాక అక్కడికి వెళ్ళండి, నా పేరు చెప్పండి" అన్నాను. హోటలువాళ్ళకి మాత్రం ముందుగా చెప్పలేదు. తెల్లారి ఐదింటి నుంచి తీగలు లాగినవాళ్ళు మధ్యాహ్నం మూడింటికి వెళ్తే భోజనాలు అయిపోయాయన్నారు. ఉన్న సరుకుతో వాళ్ళు మాత్రం ఏం చేస్తారు. కాఫీ తాగి వచ్చి మళ్ళీ స్తంభాలెక్కారు. నాతో ఎవరూ ఒక్క మాట అనలేదు. వాళ్ళలో పెద్దాయన తలగుడ్డ విప్పి నడుముకి బిగించి కట్టుకోవడం చూసి అడిగితే అప్పుడు చెప్పాడు. ఆ ముడి ఇప్పటికీ నా కళ్ళ ముందుంది.

సాయంత్రం మెస్సు పిన్నిగారి గుమ్మంలో నిలబడ్డాను. కరెంటు లేదు, కట్టెలు తడిసిపోయాయి. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, గాలికి ఊడిపడిన పాత తలుపు కొట్టించి పొయ్యిలో పెట్టించింది. ముద్దపప్పు, వంకాయ పులుసు, ఆవకాయ. పదహారు మందీ కూర్చున్నారు. పులుసులో మనం బెల్లం వేస్తాం కదా, వాళ్ళకి మింగుడు పడలేదు, పప్పూ ఆవకాయతోనే తిని లేచారు. పిన్నిగారు అది గమనించింది. ఆ పెద్దాయన దగ్గరికెళ్ళి "మీవైపు ఏం తింటారు బాబూ" అని అడిగింది. మర్నాడు వేరుసెనగపప్పు వేయించి, ఎండుమిరపకాయలు దండిగా వేసి, రోట్లో పచ్చడి నూరింది. బెల్లం లేకుండా వాళ్ళకి వేరే పులుసు కాచింది. ఆ రోజు అన్నం రెండోసారి వండాల్సి వచ్చింది. పదకొండు రోజులు రెండు పూటలా అక్కడే తిన్నారు.

నీ అన్నప్రాశన ఆ నెలలోనే అనుకున్నాం. ఆడపిల్లకి బేసి నెల కదా, ఐదో నెల దాటనివ్వకూడదని మీ నాయనమ్మ పట్టు. అన్నవరం వెళ్ళే దారి లేదు. పిన్నిగారు "ఇక్కడే కానివ్వండి, ఇంతకంటే గుడేముంది" అని మెస్సు వసారాలో పీట వేసింది. పరమాన్నం వండింది. గ్యాంగువాళ్ళందరూ చుట్టూ నిలబడ్డారు. మీ నాయనమ్మ పుస్తకం, పెన్ను, గాజు పెట్టింది. వాళ్ళలో ఒకడు నవ్వుతూ పక్కన కటింగ్ ప్లయరు పెట్టాడు. నువ్వు బోర్లా పడి చెయ్యి చాపి ప్లయరే పట్టుకున్నావు. మూడు ముద్దలు చాలన్నారు పెద్దలు. నువ్వు నాలుగోదానికి నోరు తెరిచావు. పెట్టేదాకా మూయలేదు. వెళ్ళేరోజు ఆ పెద్దాయన పిన్నిగారి ఇంటి సర్వీసు తీగ తనే బిగించి, బల్బు వెలిగాక కిందికి దిగి, నీ చేతిలో పది రూపాయలు పెట్టి వెళ్ళాడు. ఆ నోటు దేవుడి గూట్లో ఉంది.

అందుకే అడుగుతున్నాను. ఆ నలుగురూ ఎవరు, ఏ వైపువాళ్ళు, కారం తింటారా, ఉల్లి వెల్లుల్లి తిననివాళ్ళున్నారా, ఎవరికైనా రొయ్య పడదా? అది తెలియకుండా ఎన్ని హోటళ్ళు రాసిచ్చినా దండగ. పిన్నిగారి మెస్సు ఇప్పుడు కోడలు చూస్తోంది. బోర్డు లేదు. ముందురోజు చెబితే పనసపొట్టు కూర చేయిస్తుంది. ఆవ పెట్టి చేస్తే చల్లారాక ఇంకా బాగుంటుంది.

సాయంత్రాలు భానుగుడి వైపు బళ్ళుంటాయి, మిరపకాయ బజ్జీ, పునుగులు. నూనె నల్లగా ఉంటే వద్దను. కోరంగి మడ అడవి చూస్తే నీళ్ళ సీసా తీసుకెళ్ళమను, దోమల మందు రాసుకోమను. అన్నవరం ఇక్కడికి యాభై కిలోమీటర్లు. దర్శనం అయ్యాక ప్రసాదం పొట్లం విప్పకుండా ముందు వాసన చూడమను. ఎర్ర గోధుమ నూక, నెయ్యి, యాలకులు, ఆ వేడికి పొట్లం ఆకు వాసన కూడా అందులోకి దిగుతుంది. నీ పేరున పూజ చేయించి నీ పొట్లం వాళ్ళ చేతికే ఇస్తాను.

ఒక రాత్రి భోజనం మన ఇంట్లో. ఇది తప్పించుకోడానికి లేదని చెప్పు. అమ్మ ఇప్పటికే గోంగూర కాడలు చూస్తోంది. కొరమీను నేనే పొద్దున్నే వెళ్ళి తెస్తాను. వాళ్ళు వెళ్ళేటప్పుడు నీకు పంపేవి: ఆవకాయ, మూత బిగించి పైన గుడ్డ కడతాను, తెరిచాక తడి చెంచా పెట్టకు. కందిపొడి, సున్నుండలు రెండు డబ్బాలు, ఒకటి ఆఫీసులో సొరుగులో పెట్టుకో. పొద్దున్న ఒకటి, నాలుగు గంటలకి ఒకటి. నెయ్యి సీసా. కరివేపాకు పొడి, అన్నంలో మొదటి ముద్ద దానితోనే తినాలి. మునగాకు ఎండబెట్టింది కూడా ఉంది, పప్పులో వేసుకో.

ఇక బుజ్జి సంగతి. ఈ ముక్క అమ్మకి చదివి వినిపించను. ఆఫీసులో కళ్ళు తిరిగి పడిపోయావని, సెలైన్ ఎక్కించారని, మాకు చెప్పొద్దని దాని చేత ఒట్టు వేయించుకున్నావని చెప్పింది. దాన్ని ఏమీ అనకు, అది ఏడుస్తూ చెప్పింది. ఆ రాత్రి నుంచి నేను నీకు ఫోను చేసి పనీ పాటా అడుగుతున్నాను గానీ అసలు మాట నోటికి రావట్లేదు. పని ఎవరికైనా ఉంటుంది. ముప్పై నాలుగేళ్ళు స్తంభాలెక్కిన ఉద్యోగం నాది, ఖాళీ కడుపుతో ఎక్కినవాడి చెయ్యి పట్టు తప్పుతుందని నాకు తెలుసు. రాత్రి పదకొండింటికి తెప్పించుకునే తిండి తిండి కాదు. కుక్కరు కొన్నావు కదా, విజిల్ పాడైతే వాళ్ళ చేత కొత్తది పంపుతాను. నీకు ఎవరూ చెప్పేవాళ్ళు లేరని కాదు, నువ్వు చెప్పించుకునేదానివి కాదని నాకు తెలుసు. అయినా రాస్తున్నాను.

సంక్రాంతికి బళ్ళు నిండిపోయాయి. నీ పేరున వెయిటింగులో ఒక టికెట్టు తీశాను, రోజూ పొద్దున్న చూస్తున్నాను, పద్నాలుగు నుంచి తొమ్మిదికి వచ్చింది. రాలేనంటే చెప్పు, అమ్మని తీసుకుని మేమే వస్తాం. అమ్మకి మెట్లు లేని ఇల్లా నీది?

ఉంటాను.
నాన్న

తా.క. రక్తపరీక్ష చేసే ఉంటారు. హిమోగ్లోబిన్ ఎంతో రాయి. ఎంత ఉన్నా రాయి.