ఏసీ టైమింగులు ఎందుకు మార్చానంటే

మన రీడింగ్ హాల్లో పొద్దున పదింటిదాకా, సాయంత్రం ఏడు తర్వాత ఏసీలు ఆపేస్తున్నందుకు మీలో కొందరికి కోపం వచ్చింది. "బిల్లు మిగుల్చుకోవడానికేగా?" అని ఒకరు నేరుగా అడిగేశారు. బిల్లు మాట నిజమే. కానీ అదొక్కటే అయితే ఇంత పని పెట్టుకునేవాణ్ణి కాదు.

మధ్యాహ్నం మూడయ్యేసరికి సగం తలలు పుస్తకాల మీద వాలిపోవడం కౌంటర్ దగ్గర కూర్చుని రోజూ చూసేవాణ్ణి. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. నలభై మంది వదిలిన గాలినే మళ్లీ నలభై మందీ పీల్చాలి. తప్పు నాదే. ఏసీలు పెట్టించినప్పుడు చల్లదనం పోతుందని వెంటిలేటర్లన్నీ థర్మాకోల్‌తో మూయించేశాను.

ఏప్రిల్లో అవన్నీ పీకించాను. ఆ సాయంత్రం అగరుబత్తి వెలిగించి వెనక సందువైపు కిటికీ దగ్గర పట్టుకున్నా. పొగ గది లోపలికి వంగి, మెల్లగా పైకి లేచి, ఎదురుగోడ వెంటిలేటర్లోంచి వెళ్లిపోయింది. వేడిగాలి పైనుంచి పోతుంటే కింద కిటికీలోంచి కొత్త గాలి వస్తోంది. చాలాసేపు అలాగే చూస్తూ నిలబడ్డాను.

ఇది కొత్త సంగతేమీ కాదు. హైదరాబాద్ హైటెక్ సిటీ దగ్గర పరిశ్రమల సంఘం సీఐఐ వాళ్ల గ్రీన్ బిజినెస్ సెంటర్‌కి 2004లోనే గాలి గోపురాలు కట్టారు. బయటి గాలి వాటిలోంచి దిగుతూ చల్లబడి ఏసీ యంత్రాలకు చేరుతుంది, వాటి మీద అంత భారం తగ్గుతుంది.

మేలో మాత్రం తొందరపడ్డాను. మిట్టమధ్యాహ్నం కిటికీలు తెరిచి మిమ్మల్ని ఉడికించాను, క్షమించండి. లోపలికన్నా బయట వేడిగా ఉన్నప్పుడు కిటికీ తెరవడమంటే వడగాలిని పిలిచి కూర్చోబెట్టడమే. అందుకే పది నుంచి ఏడు దాకా ఏసీ ఉంటుంది, 26 మీద, ఫ్యాన్లతో పాటు. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని కరెంటు పొదుపు సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ లెక్క. భోజనాల వేళ పావుగంట మాత్రం తలుపులు, వెంటిలేటర్లు తెరుస్తాం. రాత్రంతా వెంటిలేటర్లు తెరిచే ఉంటాయి, స్లాబు, గోడలు చల్లారితే పొద్దున ఏసీకి పని తక్కువ.

రోడ్డువైపు కిటికీలు తెరవను, ఆ హారన్ల మధ్య ఎవరూ చదవలేరు. దోమల మెష్ ఈ ఆదివారం బిగిస్తారు, ఆ రోజు రెండింటిదాకా హాలు ఉండదు. వచ్చే నెల నుంచి ఫీజు వంద రూపాయలు తగ్గిస్తున్నాను.