కాలువ నీరు, గెడ్డ నీరు: సభ్యులకు సాగునీటి సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

మన కాలువకు నాగావళి మీది నారాయణపురం ఆనకట్టే ఆధారం. ఒడిశాలోని కలహండి జిల్లాలో పుట్టి, తోటపల్లి దాటి, దారి పొడుగునా అందరూ వాడుకోగా మిగిలిన నీరే మనదాకా వస్తుంది. మన తర్వాత కల్లేపల్లి దగ్గర సముద్రం. అందుకే ఈ ఏడాది పనులు ఒక లెక్క మీద నడిపాం. ఎగువ మడిలోంచి కారి గెడ్డలో (వాగులో) పడిన నీరు పోయినట్టు కాదు, శివారు (కాలువ చివరి) రైతు ఎత్తిపోసుకోవచ్చు. ఉప్పునీటిలో కలిసిందే పోయిన నీరు. కాలువ పొడుగునా సిమెంటు లైనింగు కావాలని అడిగే సభ్యులు ఇది కూడా ఆలోచించాలి: పైన ఊట ఆగితే కింది బావులకూ ఊట తగ్గుతుంది. లైనింగు కావలసింది గట్టు కోసుకుపోయే మలుపుల దగ్గర, నీరు కిందికి దూకే డ్రాపుల దగ్గర.

ఎక్కువ శ్రమ మదుముల (షట్టర్లున్న తూముల) మీదే పెట్టాం. రెండడుగుల వెడల్పు షట్టరు కింద సెంటీమీటరు సందు ఉండి, వెనక రెండడుగుల నీరు నిలిస్తే, సెకనుకు పన్నెండు లీటర్లు కారుతుంది. ఒక రోజులో అది అయిదెకరాలకు రెండంగుళాల తడి! సందు ఎందుకొస్తుందంటే, అడుగున రబ్బరు పట్టీ అరిగిపోతుంది, లేదా గాడిలో రాయి ఇరుక్కుంటుంది. రాయి తీయకుండా స్క్రూ రాడ్డును బలవంతంగా తిప్పితే మర కొట్టుకుపోతుంది. గడ్డి, గోనెసంచులు కుక్కడం మరమ్మతు కాదు, రాత్రి అవి కొట్టుకుపోయి కింది తూములో అడ్డం పడతాయి. ఏటా కాలువ కట్టేసిన నెలల్లోనే పట్టీలు మార్చి, రాడ్లకు గ్రీజు పెట్టాలి.

పిల్ల కాలువల తలల్లో పారే నీరు కొలవడానికి తొంభై డిగ్రీల వీ-నాచ్ (V ఆకారపు గాటు) ఉన్న ఇనుప రేకులు పెట్టాం. నీటి ఎత్తు 10 సెంటీమీటర్లుంటే సెకనుకు 4.4 లీటర్లు, 20 ఉంటే దాదాపు 25. ఎత్తు రెట్టింపైతే నీరు అయిదున్నర రెట్లకు పైగా పెరుగుతుందన్నమాట. వంతుల దగ్గర వచ్చే తగాదాల్లో సగం ఇది తెలియకే. కొలత నాచ్ దగ్గర కాదు, నీటి ఎత్తుకు కనీసం నాలుగు రెట్లు వెనక్కి వెళ్లి పాతిన స్కేలు మీద చూడాలి, ఎందుకంటే నాచ్ దగ్గరికి వచ్చేసరికి నీటి మట్టం వంగిపోతుంది. రేకు వెనక పూడిక చేరినా, కింది రైతు మట్టి అడ్డేసి నీరు ఎగదన్నించినా లెక్క తప్పుతుంది.

ఒక క్యూసెక్కు (సెకనుకు ఒక ఘనపుటడుగు) నీరు రోజంతా పారితే, నష్టమేమీ లేకపోతే, దాదాపు పన్నెండెకరాలకు రెండంగుళాల తడి అందుతుంది. పిల్ల కాలువలో సన్నగా వారంపాటు పారిస్తే కాలువ తడవడానికే చాలా పోతుంది. అందుకే నిండుగా వదిలి, శివారు నుంచి తలవైపుగా వంతులు వేశాం. దీనికి తల రైతుల్లో అభ్యంతరాలు వచ్చాయి, ఇంకా ఉన్నాయి. అయినా ఉబాలు (వరి నాట్లు) ముందు శివారులో పూర్తికాకపోతే పంట ఆఖర్లో తుఫాను కాలంలో పడుతుంది, కాబట్టి ఈ పద్ధతి మార్చే ఉద్దేశం లేదు.

మడిలో నీటి మట్టం చూసుకునే గొట్టం చాలామంది అడిగారు. ఆరంగుళాల వ్యాసం, అడుగు పొడవు పీవీసీ ముక్క చాలు. కింది 20 సెంటీమీటర్ల మేర రంధ్రాలు వేసి, అంతవరకే పాతి, లోపలి బురద తీసేయాలి. గట్టుకు మీటరు దూరంలో పెట్టండి, గట్టునానుకుంటే ఊట వల్ల తప్పు చూపిస్తుంది. ఊడ్చిన తర్వాత రెండు వారాలపాటు పలుచగా నీరుంచి, ఆపై గొట్టంలో నీరు నేల మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగినప్పుడే తడి ఇవ్వాలి. పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత వరకు మాత్రం రెండంగుళాల నీరు నిలిచి ఉండాల్సిందే. నల్ల రేగడిలో పగుళ్లు రానివ్వకండి. వస్తే తర్వాతి తడి నేరుగా కిందికి దిగిపోతుంది. గట్టుకు పీతబొరియ ఉంటే గొట్టం పెట్టి లాభం లేదు. లోపలికంటా తవ్వి, బంకమట్టి తొక్కి పూడ్చాలి, పైన మెత్తితే మళ్లీ తెరుచుకుంటుంది.

శివారు గెడ్డ నీటికి ఉప్పదనం కొలిచే ఈసీ మీటరుతో పరీక్ష చేస్తున్నాం. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు తీసిన నమూనానే నమ్మాలి. వరికి మీటరుకు 2 డెసీసీమెన్స్ (ఈసీ కొలమానం) దాకా పరవాలేదు. 3 ఉన్న నీటిలో 0.3 ఉన్న కాలువ నీరు సమంగా కలిపితే 1.65కి దిగుతుంది. మినుము, పెసర ఉప్పును వరికంటే తక్కువ ఓర్చుకుంటాయి. పట్టణ మురుగు కలిసే గెడ్డ నీరు ఆకుకూరలకు వాడవద్దు.

కాలువలో కలుపు సంగతి: తూటికాడ నరికి గట్టు మీద పారేస్తే మళ్లీ వేరు పట్టుకుంటుంది, ఎండబెట్టి కాల్చాలి. గుర్రపు డెక్కను గట్టు అవతలికి లాగితేగాని చావదు.

రబీలో వరికి నీరు ఇవ్వాలా అన్నది సర్వసభ్య సమావేశంలో తేల్చాలి. కార్యవర్గం మాత్రం అపరాలవైపే ఉంది: వరి కోతకు రెండు మూడు రోజుల ముందు చల్లితే నేలలోని చెమ్మతోనే మొలకెత్తుతాయి. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. షట్టరు పట్టీలకు సభ్యులు ఇవ్వాల్సిన వాటా బాకీలు కాలువ వదిలేలోగా చెల్లించగలరు.