గుర్రాల కోసం ఈ ఏడాది మనం చేసిన పని: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

విజయనగరంలో ఇంకా జట్కాలున్నాయా అని కొత్తగా చేరినవాళ్లు అడుగుతున్నారు. ఆటోలొచ్చాక బాగా తగ్గిపోయాయి, నిజమే, కానీ మిగిలిన ఆ కొద్ది బళ్లూ, పెళ్లి ఊరేగింపులకు తిప్పే గుర్రాలూ రెక్కాడితేగానీ డొక్కాడని ఇళ్లవే. గుర్రం మూలపడితే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకే ఎవరినీ తిట్టకుండా, కేసులని బెదిరించకుండా, గుర్రాలవాళ్లతో కూర్చుని మాట్లాడాం.

ముందు మా పొరపాటు చెప్పాలి. మొదటి వైద్య శిబిరం మంచి ముహూర్తం ఉన్న రోజున పెట్టాం. గుర్రాలన్నీ పెళ్లిళ్లకు వెళ్లిపోయాయి, డాక్టరుగారు మధ్యాహ్నం దాకా ఎదురుచూసి వెళ్లారు. రెండోసారి గుర్రాలవాళ్లనే అడిగి రోజు పెట్టాం, వచ్చారు.

అక్కడికి ఒక పెద్దాయన తెల్ల ఆడగుర్రాన్ని తెచ్చాడు. జీను తీస్తే వీపు మీద అరచేతి వెడల్పున పుండు, చుట్టూ వెంట్రుకలు చీముతో అట్టకట్టేశాయి, చెయ్యి దగ్గరకు తీసుకెళ్తుంటేనే చర్మం వణికింది. ఆయన పసుపు, వేపనూనె రాస్తూనే ఉన్నాడు పాపం, కానీ జీను కింద మెత్త అరిగిపోయి చెక్క నేరుగా వీపుకి ఒరుసుకుంటోంది. పుండు ఎంత కడిగినా మర్నాడు అదే జీను వేస్తే ఏం లాభం? పాత బొంత మడిచి, వెన్నెముకకు తగలకుండా మధ్యలో సందు వదిలి కుట్టించాం. మానేదాకా బేరాలకు పంపొద్దన్నాం, అన్నాళ్లూ ఉలవలు, తవుడు సంఘమే ఇచ్చింది. ఇప్పుడు కొత్త చర్మం వచ్చింది, వెంట్రుకలు ఇంకా రావాలి.

ధనుర్వాతం గుర్రాలకు ఇట్టే సోకుతుంది, లాడం మేకు గుచ్చుకున్న గాయం చాలు. టీకా మొదటి డోసు వేయించాం గానీ నెల తిరిగాక రెండోదానికి కొందరు రాలేదు, ఇళ్లకే వెళ్లి వేయించాలి.

37 డిగ్రీలు దాటే ఎండలో మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బండి కట్టకూడదని, రోజు మొత్తంలో 9 గంటలకు మించి పని చేయించకూడదని 1965 నుంచీ కేంద్ర నిబంధనలున్నాయి. ముళ్ల కళ్లెం కూడా నిషేధమే. తెలిసినవాళ్లకైనా ఆ మూడు గంటల బేరం వదులుకోవడం కష్టం, ఒప్పుకోవాలి. మనం చేయగలిగిందల్లా బళ్లు ఆగే చోట నీడలో సిమెంటు తొట్టి పెట్టడం. ఎండాకాలంలో ఒక్కో గుర్రం రోజుకు 40 లీటర్ల దాకా తాగుతుంది, పక్కనున్న టీ కొట్టాయన పూటపూటా నింపుతున్నాడు.

ఇంకోటి, మీ ఇళ్లలో పెళ్లయితే మిగిలిన అన్నం గుర్రానికి పెట్టకండి. ప్రేమతోనే పెడతారు, కానీ గుర్రానికి వాంతి చేసుకోవడం సాధ్యం కాదు, కడుపు ఉబ్బితే ప్రాణం మీదకొస్తుంది. గుర్రం అలా కడుపు నొప్పితో దొర్లుతూ కనిపిస్తే వెంటనే 1962కి ఫోన్ చేయండి, సంచార పశువైద్య వాహనం నంబరు అది.

జమాఖర్చుల పుస్తకం సంఘం గదిలో ఉంది, ఎవరైనా చూడొచ్చు. మెత్తలు ఇంకా కుట్టాలి, పాత బొంతలుంటే ఆదివారం తెచ్చివ్వండి. చిరిగినవైనా పర్వాలేదు, నూలువే కావాలి, నైలాన్ అయితే చెమటకు ఒరుసుకుంటుంది.