హీటర్ మార్చే ముందు ఒక్క వాల్వ్ కట్టేసి చూడండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఈ మధ్య మీ పేపర్లో మోటర్‌హోమ్‌ల మీద, అంటే లోపలే వంటా పడకా స్నానమూ ఉండే బళ్ల మీద, వేసిన వ్యాసం బానే ఉంది, బ్యాటరీల గురించి రాసిందైతే నాకూ పనికొచ్చింది, కానీ చివర్లో "వేడినీళ్లు సరిగ్గా రావట్లేదంటే హీటర్ పాతబడినట్టే, మార్చేయడం మేలు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు చూడండి, అది చదివాక ఊరుకోలేక రాస్తున్నా. ఆ మాట నమ్మి బంగారం లాంటి హీటర్ పీకేసి కొత్తది పెట్టించుకున్నాక కూడా షవర్‌లో అవే గోరువెచ్చటి నీళ్లు వస్తే ఎవరిని అడగాలి చెప్పండి.

ఇలాంటి బళ్ల రిపేర్లు చేసే చేతులతోనే చెప్తున్నా, "నీళ్లు వేడెక్కట్లేదండీ" అని వచ్చేవాళ్లలో చాలామందికి లోపల ట్యాంకులో నీళ్లు సలసలా కాగుతూనే ఉంటాయి. ట్యాంకు నుంచి ట్యాప్ దాకా వచ్చే దారిలో ఎక్కడో చన్నీళ్లు వచ్చి కలుస్తుంటాయి, అంతే. హీటర్‌కి ఏ రోగమూ ఉండదు. అందుకే ముందు చూడాల్సింది హీటర్‌ని కాదు, దాని వెనకున్న పైపుల్ని.

వెనక చెక్క పలక తీస్తే మామూలుగా మూడు వాల్వులు కనిపిస్తాయి, ఒకటి చన్నీళ్లు ట్యాంకులోకి వెళ్లే పైపు మీద, ఒకటి వేడినీళ్లు బయటికొచ్చే పైపు మీద, మూడోది ఆ రెండు పైపుల్నీ కలిపే చిన్న అడ్డ పైపు మీద. ఈ మూడోదాన్నే బైపాస్ అంటారు, చలికాలంలో పైపులు గడ్డకట్టకుండా యాంటీఫ్రీజ్ ఎక్కించేటప్పుడు అది ట్యాంకులోకి పోకుండా పక్కదారి పట్టించడానికి పెట్టింది. హ్యాండిల్ పైపు వెంబడి ఉంటే తెరిచినట్టు, పైపుకి అడ్డంగా ఉంటే మూసినట్టు. మామూలు రోజుల్లో మొదటి రెండూ తెరిచి, బైపాస్ మూసి ఉండాలి. చలికాలం పోయాక బైపాస్ మూయడం మర్చిపోయినా, సగమే తిప్పి వదిలేసినా చన్నీళ్లు నేరుగా వేడి లైన్లోకి దూరిపోతాయి, ఇక మీరు వేడి హద్దు దాటకుండా ఆపే థర్మోస్టాట్ మార్చినా, కరెంటుతో నీళ్లు కాచే ఎలిమెంట్ మార్చినా ఒరిగేదేం లేదు. కొత్త బండి కొన్నవాళ్లకి ఇంకో తంటా, అమ్మేవాళ్లు యాంటీఫ్రీజ్ ఎక్కించి బైపాస్ తెరిచి ఉంచిన బండిని అలాగే తాళాలిచ్చి పంపించేస్తారు, ఒక్కమాట చెప్పరు, కొన్నాయన మొదటిరోజే హీటర్ పాడైన బండి అంటగట్టారని గొడవ.

బైపాస్ సరిగ్గా మూసే ఉందనుకోండి, అప్పుడు చేయాల్సిన పరీక్ష ఒకటుంది, ఐదు నిమిషాల పని, ఏ పరికరమూ అక్కర్లేదు. హీటర్ గ్యాసూ కరెంటూ రెండూ ఆపేయండి, పంపు ఆన్‌లోనే ఉంచండి, ట్యాంకులోకి చన్నీళ్లు వెళ్లే వాల్వ్ కట్టేయండి, ఇప్పుడు సింకు దగ్గర వేడి ట్యాప్ ఒక్కటే తిప్పండి. పైపులో మిగిలిన ప్రెషర్‌కి కాసేపు వచ్చి ఆగిపోవాలి. ఆగకుండా ధార కడుతూనే ఉందంటే ఆ నీళ్లు ట్యాంకు నుంచి వచ్చేవి కాదు కదా, ఎక్కడో చల్ల లైను వేడి లైన్లో కలుస్తోందన్నమాట. ఆగిపోతే మటుకు అప్పుడు హీటర్‌ని అనుమానించండి. పని అయ్యాక ఆ వాల్వ్ మళ్లీ తెరిచాకే హీటర్ ఆన్ చేయాలి, ఇది మర్చిపోవద్దు.

మరి ఎక్కడ కలుస్తోంది? నన్నడిగితే మొదట బండి బయట వైపున్న షవర్ డబ్బా తెరిచి చూడమంటా. కాళ్లకంటిన బురద కడుక్కోవడానికి పెట్టిన చిన్న షవర్ అది, దానికి వేడికొకటి చల్లకొకటి రెండు నాబ్‌లుంటాయి, చేతిలో పట్టుకునే షవర్ తలకి ఒక బటన్ ఉంటుంది. జనం కడుక్కున్నాక నాబ్‌లు కట్టకుండా ఆ బటన్ నొక్కేసి డబ్బా మూత వేసేస్తారు. నీళ్లు బయటికి రావు కాబట్టి ఆపేశామనే అనుకుంటారు, కానీ లోపల వేడి లైనూ చల్ల లైనూ ఆ మిక్సర్‌లో చేతులు కలిపేసి ఉంటాయి, ఎటు ప్రెషర్ తగ్గితే అటు నీళ్లు పారతాయి, బండి మొత్తంలో ఏ ట్యాప్ తిప్పినా గోరువెచ్చనే. రెండు నాబ్‌లూ గట్టిగా కట్టేస్తే రోగం కుదిరిపోతుంది, ఖర్చు సున్నా. బాత్రూంలో షవర్‌కి కూడా సబ్బు రాసుకునేటప్పుడు ఆపుకునే బటన్ ఉంటుంది కదా, దాంతోనూ ఇదే కథ, మళ్లీ నొక్కగానే ముందు చన్నీళ్లో మరీ వేణ్ణీళ్లో ఒళ్లు జివ్వుమనేలా వచ్చి పడతాయి.

అవి కాకపోతే ఒకే హ్యాండిల్ ఉన్న ట్యాపుల లోపల వేడీ చల్లా కలిపే కార్ట్రిడ్జ్ అరిగిపోయి ఉండొచ్చు, సింకు కింద వాల్వులు ఉంటే ఒక్కో ట్యాప్‌కీ కట్టేస్తూ పై పరీక్షే మళ్లీ చేస్తే దొంగ దొరికిపోతాడు. కొన్ని బళ్లలో మూడు వాల్వుల బదులు చల్ల వైపు ఒక్కటే తిప్పుడు వాల్వ్ పెట్టి, వేడి వైపు చెక్ వాల్వ్, అంటే నీళ్లని ఒకవైపే పోనిచ్చేది, బిగిస్తారు, అక్కడ నేను చెప్పిన పరీక్ష పనిచేయదు, చేత్తో తడిమి చూడాల్సిందే, ట్యాంకు నుంచి బయటికొచ్చే చోట పైపు చురుక్కుమంటూ, బైపాస్ కలిసే చోటు దాటాక చల్లబడిపోతుంటే ఆ తిప్పుడు వాల్వే లోపల లీకవుతోంది. ఆ చెక్ వాల్వ్ కూడా ప్లాస్టిక్‌దైతే లోపల సున్నం పట్టి ఇరుక్కుంటుంది, అప్పుడు చల్ల ట్యాప్ జోరుగా వస్తూ వేడి ట్యాప్ మాత్రం సన్నగా కారుతుంది. ఆ తేడా కనిపిస్తే ఇంకెక్కడా వెతకొద్దు.

ఇక హీటర్ తప్పే అని తేలితే, ముందు గ్యాస్ మీద పెట్టి బయట మూత దగ్గర నిలబడి చెవి పెట్టండి. మంట బుస్సుమని నీలంగా మండాలి. పసుపుగా బద్ధకంగా ఊగుతూ మసి కొడుతుంటే బర్నర్ గొట్టంలో సాలెగూడో కందిరీగ గూడో ఉందన్నమాట, నెలల తరబడి ఆగి ఉన్న బండ్లలో ఇది మామూలే, గ్యాస్ కట్టేసి సన్నటి బ్రష్‌తో దులిపితే సరి. స్టవ్ మంట కూడా నీరసంగానే ఉంటే తప్పు హీటర్‌ది కాదు, రెగ్యులేటర్‌ది, అక్కడ గ్యాస్ ప్రెషర్ 11 అంగుళాల నీటిమట్టం (గ్యాస్ ప్రెషర్ కొలిచే లెక్క అది) దగ్గర ఉండాలి. టక్ టక్ మని స్పార్క్ కొట్టి కొట్టి ఎర్ర లైటు వెలిగి ఆగిపోతుంటే బ్యాటరీ కూడా ఒకసారి చూసుకోండి, గ్యాస్ మీద నడిచే హీటర్‌కి కూడా దాన్ని నడిపించే సర్క్యూట్ బోర్డు పనిచేయాలంటే 12 వోల్టులు కావాల్సిందే.

గ్యాస్ మీద వేడెక్కి కరెంటు మీద వేడెక్కకపోతే మాత్రం ఎలిమెంట్ కాలిపోయి ఉంటుంది. ట్యాంకులో నీళ్లు లేకుండా స్విచ్ వేస్తే అది క్షణాల్లో పోతుంది. అమెరికా బళ్లలో ఎక్కువగా వాడే 120 వోల్టుల 1440 వాట్ల ఎలిమెంట్ అయితే, ప్లగ్ పీకేసి, జెనరేటర్ ఆపేసి, వైర్లు విప్పి మీటర్ పెడితే 10 ఓమ్‌ల దగ్గర చూపించాలి, ఏమీ చూపించకపోతే పోయినట్టే.

థర్మోస్టాట్ సంగతికొస్తే, మోడల్‌ని బట్టి 54 లేదా 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆగేలా ఫ్యాక్టరీలోనే పెట్టి ఇస్తారు, దానిమీద ఇంకో కాపలా ఉంటుంది, నీళ్లు 82 డిగ్రీల దాకా పోతే మొత్తం ఆపేసేది. ఈ కాపలా పదేపదే పడిపోతుంటే రీసెట్ బటన్ నొక్కుకుంటూ కూర్చోకూడదు, దాన్ని వైరుతో కలిపేసే ఘనులూ ఉన్నారు, వాళ్లకో దండం. థర్మోస్టాట్ బిళ్ల ట్యాంకు గోడకి అతుక్కుని ఉందో లేదో చూడండి, క్లిప్ వదులై దూరం జరిగితే దానికి అసలు వేడి తెలియదు, నీళ్లు కాగిపోతూనే ఉంటాయి. 60 డిగ్రీల నీళ్లు ఒంటిమీద పడితే ఐదారు సెకన్లు చాలు, చర్మం కాలిపోవడానికి. పిల్లలున్నవాళ్లు హీటర్ బయటికొచ్చే చోట వేడినీళ్లలో చన్నీళ్లు కలిపి పంపే మిక్సింగ్ వాల్వ్ పెట్టించుకోవడం మంచిది.

ట్యాంకు లేని రకం హీటర్లది వేరే గోల. నీళ్లు ఒక మోతాదుకి మించి పారితేనే మంట అందుకుంటుంది, నీళ్లు పొదుపు చేసే షవర్ తల పెట్టి ట్యాప్ సగమే తిప్పితే మంట ఆరుతూ వెలుగుతూ వేడి చల్ల వేడి చల్ల అవుతుంది. బయటి కుళాయి కనెక్షన్ మీద బాగా వచ్చి, బండి సొంత పంపు మీద మాత్రం ఇలా అవుతుంటే పంపు ఆగి ఆగి కొట్టుకునే తీరే కారణం, ప్రెషర్ ఎగుడుదిగుడు లేకుండా చూసే చిన్న అక్యుములేటర్ ట్యాంకు ఒకటి పెడితే నిలకడ వస్తుంది.

మొదట బాగా వేడిగా వచ్చి ఐదారు నిమిషాలకే చల్లబడిపోతున్నాయంటారా, అది రోగమే కాదు, చాలా బళ్లలో ట్యాంకు 22 లీటర్లే. చన్నీళ్లు కలుపుకున్నా 30, 35 లీటర్లకి మించి స్నానం దొరకదు, మళ్లీ కాగాలంటే కరెంటు మీద ముప్పావుగంట పడుతుంది, గ్యాసూ కరెంటూ రెండూ ఒకేసారి పెట్టుకుంటే తొందరగా అవుతుంది.

ఇంకొకటి. బయట ప్రెషర్ వాల్వ్ చుక్కలు చుక్కలుగా కారుతోందని దానికి బిరడా కొట్టినవాళ్లని చూశా, దండం పెట్టి చెప్తున్నా ఆ పని చేయకండి. ప్రెషర్ 150 పీఎస్ఐ దాటినా, నీళ్లు 99 డిగ్రీలకి చేరినా ట్యాంకు పేలకుండా కాపాడేది అదే. వేడెక్కిన నీళ్లు ఉబ్బుతాయి, ఆ ఉబ్బు పట్టడానికి ట్యాంకు పైభాగంలో కాస్త గాలి ఉండాలి, అది కరిగిపోతే ఇలా కారుతుంది. హీటర్ ఆపి, నీళ్లు పూర్తిగా చల్లారాక, పంపూ బయటి కనెక్షనూ కట్టేసి, వేడి ట్యాప్ ఒకటి తిప్పి ప్రెషర్ వదిలి, ఆ వాల్వ్ లివర్ ఎత్తి పట్టుకుంటే నీళ్లు కారి ఆగుతాయి, గాలి దానంతటదే చేరుతుంది. అప్పటికీ కారుతుంటే వాల్వ్ మార్చుకోండి.

మీకు నా విన్నపం ఒక్కటే. ఆ వ్యాసం కింద సవరణ వేసినా వేయకపోయినా, వీలైతే ఆ మూడు వాల్వుల బొమ్మ ఒకటి వేయండి, మామూలప్పుడు ఏ హ్యాండిల్ ఎటు ఉండాలి, చలికాలంలో ఎటు ఉండాలి అని పక్కపక్కన. కత్తిరించి ఆ చెక్క పలక లోపలి వైపు అతికించుకుంటారు.

ఇట్లు
మోటర్‌హోమ్‌ల రిపేర్లు చేసే మీ పాఠకుడు