ఎల్‌టీ1 మానిఫోల్డ్ వేడి
అందరికీ నమస్కారం. ఆదివారం ట్రాఫిక్‌లో అరగంట నిలిచాక బానెట్ ఎత్తి, సిలిండర్లకు గాలిని పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌పై వేలు ఆనించాను. పొయ్యి మీది పెనమే!

మన 1992-96 షెవ్రొలే కార్వెట్ కార్లలోని 5.7 లీటర్ల ఎల్‌టీ1 ఇంజన్‌కు అది అల్యూమినియంతో చేసినది. సిలిండర్ల పైమూతలైన హెడ్ల వేడిని ఇట్టే లాగేసుకుంటుంది. లోపలికి పోయే గాలి సుమారు 3 డిగ్రీల సెల్సియస్ వేడెక్కితే సాంద్రత 1 శాతం తగ్గుతుంది, శక్తీ దాదాపు అంతే.

మానిఫోల్డ్‌కు మెరుగు పెట్టిస్తే చల్లబడుతుందన్న మాట నేను నమ్మను. ముందు, లోపలికి పోయే గాలిని నియంత్రించే థ్రాటిల్ బాడీకి ఇంజన్ వేడిని మోసుకెళ్లే కూలెంట్ ద్రవం గొట్టాలను విప్పి, నేరుగా ఒకదానికొకటి కలపండి. ఇంజన్ పూర్తిగా చల్లారాకే సుమా! ఆ కూలెంట్ తిరిగేది థ్రాటిల్‌లో మంచు పట్టకుండా ఉండేందుకు. కాబట్టి గడ్డకట్టే చలి ఉండే మిన్నెసోటా మిత్రులు దాని జోలికి పోవద్దు.

గొట్టాలు కలిపే ఇత్తడి ముక్క ఎవరి దగ్గరైనా అదనంగా ఉంటే చెప్పండి, శనివారం వచ్చి తీసుకుంటాను.