పాము తిరగడం లేదని తెలిసినా ఆగదు

సంపాదకులకు నమస్కారం.

మా నల్లగొండలో ఈ మధ్య జరిగిన ఒక పాఠశాల వైజ్ఞానిక ప్రదర్శనలో దృష్టి భ్రమల బొమ్మలను ఒక అట్టకు అంటించి, పైన ‘మెదడు చేసే తప్పులు’ అని రాసి పెట్టారు. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయపు గర్భగుడిలో పగలంతా కదలకుండా నిలిచే నీడ ఫొటోనూ అందులోనే చేర్చారు. ఆ నీడ వెలుగు చేసే పని, కెమెరాకూ చిక్కుతుంది, మెదడుతో దానికి నిమిత్తం లేదు. పక్క బల్లపైనే, అడిగినదానికి బదులిచ్చే ఏఐ పెట్టె ఉంది. ఏళ్ల తరబడి భౌతికశాస్త్రం చెప్పినవాణ్ని కనుక, ఆ రెండు బల్లలనూ కలపాలని ఎవరికీ తోచకపోవడం నాకు వెలితిగా అనిపించింది.

ఆ అట్టపై మనస్తత్వశాస్త్రవేత్త అకియోషి కితావొకా 2003లో రూపొందించిన ‘తిరిగే పాములు’ చిత్రం ఉంది: చుట్టచుట్టుకున్న పాముల్లాంటి రంగుల చక్రాలు, కదలని బొమ్మే అయినా తిరుగుతున్నట్టు తోస్తాయి. తాడును పామనుకున్నవాడికి దీపం తెస్తే భ్రమ తొలగుతుందని మన పెద్దలు చెప్పారు. ఇక్కడ దీపం వెలుగుతూనే ఉంటుంది, బొమ్మ కదలడం లేదని తెలుస్తూనే ఉంటుంది, అయినా పాము ఆగదు. 2018లో జపానుకు చెందిన ఐజీ వతనబె బృందం, వీడియోలో తర్వాత రాబోయే దృశ్యాన్ని ఊహించే ప్రెడ్‌నెట్ అనే న్యూరల్ నెట్‌వర్క్‌కు (ఉదాహరణల నుంచి నేర్చుకునే కంప్యూటరు నమూనాకు) మామూలు వీడియోలతోనే శిక్షణ ఇచ్చి ఈ చిత్రాన్ని చూపితే, భ్రమల సంగతి ఎవరూ నేర్పకపోయినా, మన కంటికి తోచే దిశలోనే చక్రాలు తిరుగుతాయని అది ఊహించింది. మెదడు రాబోయేదాన్ని నిరంతరం అంచనా కడుతుంటుందనీ, ఇలాంటి భ్రమ ఆ అంచనా ఫలితమేననీ చెప్పే వాదానికి దీనివల్ల బలం చేకూరింది. లారీల మధ్య నుంచి మనల్ని రోజూ రోడ్డు దాటిస్తున్న ఆ నేర్పుకే తప్పు అని పేరుపెట్టడం న్యాయం కాదు. అలాగని యంత్రం అచ్చం మనలాగే చూస్తుందనీ అనలేము: మనం ఒక చక్రంపై చూపు నిలిపితే అది ఆగి, చుట్టుపక్కలవే తిరుగుతాయి, చూపు నిలపడమనేదే ఆ నమూనాకు లేదు.

జిల్లా విద్యాశాఖకు నా వినతి ఒక్కటే. భ్రమలను చూపించి ఊరుకోక, పిల్లలతో కొలిపించాలి. సమానమే అయినా కొసల మొనల వల్ల ఒకటి పొట్టిగా, ఒకటి పొడవుగా తోచే 1889 నాటి ముల్లర్-లయర్ గీతలకు కంప్యూటరు అక్కర్లేదు, పాత పెళ్లిపత్రికలు చాలు. రెండు కొసలా బాణపు మొనలున్న గీతను ఒక అట్టపై, తిరగేసిన మొనలున్న గీతను దాని కిందుగా జారే మరో అట్టపై గీసి, రెండూ సమానమని తోచేదాకా జరిపి, వెనక అంటించిన స్కేలుపై తేడాను మిల్లీమీటర్లలో చదవాలి. తరగతి మొత్తం కొలతలు పట్టికకెక్కాక, నెట్‌వర్క్ ఎంత తేడా చూపుతుందన్న ప్రశ్న పిల్లలే వేస్తారు. అడిగిన పాఠశాలలకు ఆ అట్టలు నేనే చేసిస్తాను.

— విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్లగొండ